చేత్తో చేసిన సబ్బుకు ఏ చుట్టు మేలు? నెల్లూరు గాలిలో పట్టీ, పెట్టె, ఫిల్ము, గుడ్డ సంచుల పోలిక

ఇంట్లో సబ్బు చేయడం మొదలుపెట్టినవారికి తొలి నాళ్లలో ధ్యాసంతా నూనెల పాళ్ల మీదనే ఉంటుంది. కొబ్బరి నూనె ఎంత, ఆముదం ఎంత, తవుడు నూనె కలపవచ్చునా, కాస్టిక్ సోడా ఏ మేరకు అన్న లెక్క కుదిరి, నాలుగు బిళ్ళలు బంధువులకు పంచి మెప్పు పొంది, మొదటిసారి ఎగ్జిబిషన్‌లో బల్ల పరచబోయే ముందురోజు రాత్రి అసలు ప్రశ్న ఎదురవుతుంది: వీటిని దేనిలో చుట్టాలి? ఆ రాత్రి ఇంట్లో దొరికినదానితో కానిచ్చేసి, తర్వాత రెండేళ్లపాటు దాన్నే కొనసాగించినవారు చాలామంది ఉన్నారు. మేమూ వారిలోని వారమే.

నెల్లూరులో ఉంటూ, ఒంగోలు నుంచి గూడూరు దాకా ఎక్కడ స్టాలు దొరికితే అక్కడ సబ్బులు పెట్టి అమ్మిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను. కాగితం పట్టీ, పూర్తి కాగితపు చుట్టు, అట్టపెట్టె, ప్లాస్టిక్ ఫిల్ము, నూలు సంచి, తాటాకు పెట్టె అన్నిటినీ వాడి చూశాము. అందం గురించిన సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి. మన తీరంలో మాత్రం సబ్బు చుట్టు అనేది ముందుగా తేమకు సంబంధించిన వ్యవహారం, అందం ఆ తర్వాతిది. ఆ వరుస తప్పితే ఎంత ముచ్చటైన పెట్టె అయినా కార్తీక మాసం దాటదు.

## ముందు తేల్చుకోవలసిన సంగతులు

మొదటిది, మీరు చేసేది ఏ రకం సబ్బు అన్నది. నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం కలిపి పోసే కోల్డ్ ప్రాసెస్ సబ్బును కోసిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెడతాము. ఆ వారాలలో నీరు ఆవిరై బిళ్ళ గట్టిపడుతుంది, బరువూ తగ్గుతుంది. కోసిన రోజు 115 గ్రాములు తూగిన మా బిళ్ళ ఆరు వారాలకు వంద గ్రాములకు కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. ఆ తర్వాత కూడా అది కొంత నీటిని వదులుతూనే ఉంటుంది కనుక దానికి గాలి ఆడాలి. ఇక దుకాణంలో దిమ్మగా కొని, కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చులో పోసే గ్లిజరిన్ బేస్ సబ్బు నడత దీనికి పూర్తిగా విరుద్ధం. దానిలోని గ్లిజరిన్ గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది. విప్పి పెడితే గంటల్లోనే బిళ్ళ మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు నిలుస్తాయి. దానికి గాలి తగలకూడదు. ఒకే బల్ల మీద రెండు రకాలూ అమ్మేవారు రెంటికీ ఒకే చుట్టు వేస్తే ఒకటి చెడటం ఖాయం.

రెండవది ఊరి గాలి. రాష్ట్రంలో చాలా చోట్ల వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరుకు ముగింపుకు వస్తాయి. మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. సరిగ్గా ఆ నెలలే దీపావళి, కార్తీకం, సంవత్సరాంతపు ఎగ్జిబిషన్లు అంటూ అమ్మకాలు ఉండే కాలం కూడా. కాబట్టి మన సరకు ఎక్కువగా అమ్ముడయ్యేది, ఎక్కువగా తడిసేది ఒకే రోజులలో. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో వాన లేని రోజున కూడా గాలి జిగటగానే ఉంటుంది. కనిగిరి, పామూరు వైపు మెట్టకు వెళితే తేమ కంటే దుమ్ము పెద్ద శత్రువు: సాయంత్రానికి విప్పి పెట్టిన తెల్ల సబ్బు ఎర్రబారి కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల ఎండ అన్ని చోట్లా ఒకటే. అప్పుడు నూనె వాసనలు ఎగిరిపోతాయి, కారు డిక్కీలో మధ్యాహ్నం వదిలేసిన గ్లిజరిన్ బేస్ సబ్బు మెత్తబడి రూపు చెడుతుంది.

మూడవది కొనేవారి ముక్కు. స్టాలు ముందు ఆగిన మనిషి మొదట సబ్బును చేతిలోకి తీసుకుంటారు, రెండవ క్షణంలో ముక్కు దగ్గర పెట్టుకుంటారు, ఆ తర్వాతనే “నురుగొస్తాదా?” అని అడుగుతారు, చివరగా ధర. ఈ వరుస మారగా నేను చూడలేదు. వాసనకు దారి లేని చుట్టు అమ్మకాన్ని రెండవ క్షణంలోనే ఆపేస్తుంది.

నాలుగవది రాతకు చోటు, ఐదవది చుట్లను ఒకేసారి ఎన్ని కొనవలసి వస్తుందన్నది. ధర గురించి వేరుగా చెప్పనవసరం లేదు. మా ఇంట్లో పెట్టుకున్న హద్దు ఏమిటంటే, నూరు రూపాయల సబ్బుకు చుట్టు, చీటీ, దారం, జిగురు అన్నీ కలిపి పది రూపాయలు దాటకూడదు.

## చీటీ మీద ఏముండాలి

చుట్టు ఎంచుకునే ముందే ఈ సంగతి చూసుకోవడం మంచిది, ఎందుకంటే చాలామంది ముద్దుగా సన్నటి పట్టీ కొట్టించుకుని, రాయవలసినదంతా అందులో పట్టక తర్వాత అవస్థపడతారు. ఒంటికి రాసుకునే సబ్బు చట్టం దృష్టిలో సౌందర్య సాధనం. దాని తయారీకి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు అవసరం. చీటీ మీద సబ్బు పేరు, తయారీదారు పేరు, పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో తెలిపే నెల, సంవత్సరం, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. ముందుగా ప్యాక్ చేసి అమ్మే సరకు కనుక 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు కూడా వర్తిస్తాయి: నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర, గ్రాముకు పడే ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు వగైరా.

ఈ నిబంధనలలో మూడు సంగతులు చుట్టు ఎంపికను నేరుగా మారుస్తాయి. తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు గాని తెలుగు ఒక్కటే చాలదు. అంటే రెండు భాషలు కావాలనుకున్నవారికి రెట్టింపు చోటు కావాలి. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగకు తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు కనుక ఇంగ్లీషు ఎటూ పనికి వస్తుందనుకోండి. రెండవది, లోపల ఒక చుట్టు, బయట ఒక పెట్టె వాడితే సబ్బు పేరు, తయారీదారు పేరు, చిరునామా రెంటి మీదా ఉండాలి. మూడవది, అచ్చయిన ధర మీద మరో చీటీ అంటించి ధర పెంచకూడదు. తగ్గించడానికే ఆ వెసులుబాటు ఉంది. కొబ్బరి నూనె ధర ఎలా ఎగుడుదిగుడుగా ఉంటుందో చూస్తున్నవారెవరూ వేయి పెట్టెల మీద ధర అచ్చు వేయించరు. బ్యాచ్, నెల, ధర ఈ మూడింటికీ ఖాళీ గడి వదిలి, రబ్బరు స్టాంపుతో ముద్ర కొట్టుకోవడం మేలు.

సబ్బు బరువు తగ్గుతుంది గనుక బజారు సబ్బుల మీద “ప్యాక్ చేసినప్పటి నికర బరువు” అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. మీరూ ఆ మాట వాడండి. పూర్తిగా ఆరకముందే చుట్టి పదిహేను గ్రాములు గాలిలో కలిసిపోయిన సబ్బుకు మాత్రం ఆ మాట అడ్డు పెట్టుకోకండి.

## కాగితం పట్టీ

బిళ్ళ నడుముకు చుట్టూ కాగితం పట్టీ వేసి, రెండు కొసలూ విడిచిపెట్టడం అన్నిటికంటే సులభం. మా సరకులో నాలుగింట మూడు వంతుల దాకా ఇలాగే పోతుంది. కొనేవారు రంగు చూస్తారు, వాసన చూస్తారు, కొసను వేలితో తడిమి గట్టిదనం చూస్తారు. సబ్బుకు గాలి ఆడుతుంది.

లెక్క ఇలా వేసుకోండి. బిళ్ళ 8 సెంటీమీటర్ల పొడవు, 5.5 వెడల్పు, 2.5 మందం అనుకుంటే, నడుము చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. అంటించడానికి ఒకటిన్నర కలిపితే 17.5. ఏ4 కాగితం వెడల్పు 21 కనుక పట్టీ అడ్డంగా సరిపోతుంది, పొడవు 29.7 కనుక 4 సెంటీమీటర్ల వెడల్పున ఒక్కో కాగితంలో ఏడు పట్టీలు వస్తాయి. నలభై సబ్బుల బ్యాచ్‌కు ఆరు కాగితాలు చాలు. మామూలు జిరాక్సు కాగితం 70, 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) ఉంటుంది, అది తేమకు ముడతలు పడుతుంది. 120 జీఎస్‌ఎం దరిదాపుల్లో ఉన్న గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం నిలుస్తుంది, పైగా దానిపై నూనె మరక పెద్దగా కనిపించదు. తెల్ల కాగితం ఎంచుకుంటే పదిహేను రోజులకు పట్టీ మధ్యలో చంద్రవంకలా నూనె మరక తేలుతుంది.

పట్టీకి రెండు జబ్బులున్నాయి. మొదటిది జారిపోవడం. సబ్బు ఇంకా కుదించుకుపోతుంది గనుక తొందరపడి మూడవ వారంలో వేసిన పట్టీ ఆరవ వారానికి వదులై, బిళ్ళను పైకెత్తగానే సబ్బు కింద, కాగితం చేతిలో మిగులుతాయి. పూర్తిగా ఆరిన తర్వాతనే పట్టీ వేయాలి, జిగురు కాగితానికి కాగితానికే తగలాలి తప్ప సబ్బుకు అంటకూడదు. పైన ఒక వరుస నూలు దారం కడితే ఆ కాస్త వదులూ కనిపించదు. రెండవ జబ్బు అచ్చుకు సంబంధించినది: ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటరు సిరాలు చాలావరకు నీటికి కరుగుతాయి. చేయి తడిసిన మనిషి ఒక్కరు పట్టుకుంటే చాలు, లైసెన్సు నంబరు నీలిమచ్చగా మారుతుంది. జిరాక్సు షాపులో లేజరు ప్రింటు తీయించుకోండి.

పట్టీని స్టేప్లర్ పిన్నుతో బిగించే అలవాటు చాలా చోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మన గాలికి పిన్ను నెల తిరక్కుండా తుప్పు పడుతుంది, ఆ తుప్పు సబ్బులోకి దిగి ఎర్రటి చార వేస్తుంది. ఇనుము తగిలిన చోట నూనె కూడా త్వరగా చెడి ముక్కవాసన వస్తుంది.

## పూర్తి కాగితపు చుట్టు

బటర్ పేపరులో నాలుగువైపులా మడిచి, పైన చీటీ అంటించే పద్ధతి ఇది. నూనె బయటికి రాదు, దుమ్ము లోపలికి పోదు, కొంత గాలి ఆడుతుంది. మెట్ట ప్రాంతపు సంతలకు పట్టీ కంటే ఇదే నయం. లోపం ఒక్కటే: సబ్బు కనిపించదు, వాసన సగమే వస్తుంది. ప్రతి రకానికీ ఒక విప్పిన బిళ్ళను చిన్న పళ్లెంలో పెట్టి ఉంచితే ఆ లోటు తీరుతుంది. ఆ పళ్లెంలోని బిళ్ళను గంటకోసారి పొడిగుడ్డతో తుడవాలి. పది చేతుల చెమట అంటిన బిళ్ళ ఎవరికీ కొనాలనిపించదు.

పాత వార్తాపత్రికలో చుట్టడం గురించి అడిగేవారుంటారు. సిరా సబ్బుకు అంటుతుంది. అంతకు మించి చెప్పేదేమీ లేదు.

## అట్టపెట్టె

దుకాణంలో వరుసగా నిలబెట్టడానికి, ఒకదానిపై ఒకటి పేర్చడానికి, రాయవలసినదంతా సుఖంగా రాయడానికి పెట్టెను మించినది లేదు. 300 జీఎస్‌ఎం అట్టతో చేసిన పెట్టె బిళ్ళ మూలలు చిట్లకుండా కాపాడుతుంది. వెలుతురు తగలనివ్వదన్నది మరో పెద్ద మేలు: పసుపు కలిపిన సబ్బు, వేపాకు పొడి కలిపిన సబ్బు ఎండ పడే అరలో పెడితే నెలల్లోనే రంగు వెలిసిపోతుంది. అందువల్ల ముందు పారదర్శకపు కిటికీ ఉన్న పెట్టె ఎంచుకునేవారు ఆ కిటికీ ఎటువైపు తిరిగి కూర్చుంటుందో కూడా ఆలోచించుకోవాలి.

పెట్టె విషయంలో మేము తిన్న దెబ్బ చెబుతాను. మొదటిసారి పెట్టెలు చేయించినప్పుడు అప్పుడే కోసిన బిళ్ళను ప్రెస్సుకు పట్టుకెళ్లి కొలతలిచ్చాము. డై, అంటే అట్టను ఆ కొలతకు కోసే అచ్చు, తయారైంది, వేయి పెట్టెలు వచ్చాయి, రెండు మిల్లీమీటర్ల సందుతో బిళ్ళ చక్కగా కూర్చుంది. ఆరు వారాలు ఆరిన బిళ్ళను అదే పెట్టెలో పెట్టి ఊపితే అగ్గిపెట్టెలో మిగిలిన రెండు పుల్లలలా గలగలలాడింది. అంచులు రాలి పెట్టె అడుగున పొడి చేరింది. కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, “లోపల ఇరిగిపోయుండాదమ్మా” అని తిరిగిచ్చేశారు. తప్పు ప్రెస్సువారిది కాదు, మాదే. వారు ఇచ్చిన కొలతకే కోశారు. ఆరిన బిళ్ళను, అదీ ఒకటి కాదు, పది బిళ్ళలను కొలిచి, వాటిలో పెద్దదానికి మిల్లీమీటరు కలిపి డై చేయించండి.

ఆ పెట్టెలకు పైన మెరుపు లామినేషన్ వేయించడం మేము చేసిన రెండవ పొరపాటు. నిగనిగలాడే ఆ ప్లాస్టిక్ పొర తేమను బయటికి పోనివ్వలేదు. నవంబరు ముసురులో వారం రోజులు మూసి ఉంచిన పెట్టె తెరిచి చూస్తే లోపలి అట్ట మెత్తబడి, సబ్బు పైన జిగురు పట్టింది. కోల్డ్ ప్రాసెస్ సబ్బుకు లామినేషన్ లేని అట్ట వాడి, రెండు పక్కలా చిన్న రంధ్రాలు కొట్టించుకుంటే గాలీ ఆడుతుంది, వాసనా తెలుస్తుంది. రంధ్రం పెద్దదైతే బొద్దింకకు కూడా దారి తెలుస్తుంది, చూసుకోండి.

ఆఫ్‌సెట్ ముద్రణలో తక్కువ సంఖ్య గిట్టదు, వందల్లో కాక వేలల్లోనే ధర దిగుతుంది. కొందరు శివకాశిలో వేయిస్తారు. మీ బిళ్ళ అచ్చు మారదు, పేరు మారదు, చిరునామా మారదు అని నమ్మకం కలిగేదాకా వేలల్లోకి వెళ్లవద్దు. సాదా పెట్టెలు కొని పైన స్టిక్కరు అంటించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

## ప్లాస్టిక్ ఫిల్ము

గ్లిజరిన్ బేస్ సబ్బుకు ఇదొక్కటే సరైన చుట్టు అని నిర్మొహమాటంగా చెప్పవచ్చు. అచ్చులోంచి తీసిన బిళ్ళను చేతి తడి తగలకుండా వెంటనే ఫిల్ములో చుట్టి, వేడి గాలి కొట్టి బిగదీయాలి. ఆలస్యమయ్యే ప్రతి గంటకూ నీటి బొట్లు పెరుగుతాయి. ఒకసారి చెమట పట్టిన బిళ్ళను తుడిచి చుట్టినా లోపల మళ్లీ పొగమంచు కమ్ముతుంది.

కోల్డ్ ప్రాసెస్ సబ్బును మాత్రం ఇలా బిగిస్తే, ఎక్కడికీ పోలేని నీరు లోపలే నిలిచి బిళ్ళ మెత్తబడుతుంది. వాసన నిలుస్తుందన్న మాట నిజమే. మల్లె, నిమ్మ వంటి తేలిక వాసనలు మే నెలలో కాగితంలో కంటే ఫిల్ములో ఎక్కువ రోజులు ఉంటాయి. ఆ ఒక్క మేలు కోసం ఫిల్ము వేయాలనుకునేవారు కనీసం ఎనిమిది వారాలు ఆరిన బిళ్ళకు, రెండు కొసలూ తెరిచి ఉంచిన పట్టీ ఫిల్ము మాత్రమే వేయాలి.

ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. ఆ జాబితాలో మిఠాయి డబ్బాలకు, ఆహ్వాన పత్రికలకు, సిగరెట్ పెట్టెలకు చుట్టే ఫిల్ము ఉంది గాని సబ్బు చుట్టు పేరు లేదు. అయినా చేత్తో చేసిన సబ్బు కొనడానికి వచ్చేవారిలో ప్లాస్టిక్ వద్దనుకునేవారు తక్కువేమీ కాదు. వారి కోసమని కొందరు గోధుమరంగు నిలువు పౌచ్‌లు వాడుతున్నారు. పైకి కాగితంలా ఉన్నా చాలావాటికి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. సెలోఫేన్ అని అమ్మేదాని కథ కూడా అంతే: అసలైన సెలోఫేన్ చెట్టు గుజ్జుతో తయారవుతుంది, ఫ్యాన్సీ షాపులలో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా మామూలు ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ లేదని చీటీ మీద రాసే ముందు ఒక ముక్క చించి చూసుకోండి. కాగితం చిరిగాక పల్చటి పొర సాగుతూ మిగిలితే ఆ మాట రాయకూడదు.

అల్యూమినియం రేకు గురించి ఒక్క మాట. సబ్బుకు క్షార గుణం ఉంటుంది, అది అల్యూమినియంను తింటుంది. నేరుగా తగలనివ్వవద్దు. ఇనుప రేకు డబ్బాలకు తుప్పు సంగతి ఉండనే ఉంది.

## నూలు సంచి, తాటాకు పెట్టె

ఈ రెండూ సబ్బును కాపాడేవి కావు, సబ్బుకు మర్యాద తెచ్చేవి. దర్జీ దగ్గర మిగిలిన కోరా గుడ్డతో గాని చేనేత ముక్కలతో గాని తాడు లాగే చిన్న సంచి కుట్టిస్తే, సబ్బు అయిపోయినా సంచి ఇంట్లో ఉంటుంది. గుడ్డకు గాలి బాగా ఆడుతుంది. అదే గుడ్డ వాసనను పీల్చుకుంటుంది, నూనెనూ పీల్చుకుంటుంది, అందుకని లోపల బటర్ పేపరు తప్పదు, చీటీని దారంతో వేలాడదీయక తప్పదు.

తాటాకు పెట్టె చూడగానే ఎవరైనా చేతిలోకి తీసుకుంటారు. తాటి చెట్లకు మన తీరంలో కరువు లేదు, అల్లేవారు దొరికితే అదృష్టమే. అయితే సరిగా ఆరని ఆకుకు వానాకాలంలో బూజు పడుతుంది, అది సబ్బు మీదికీ వస్తుంది. జనవరి నుంచి జూన్ దాకా వాడి, వానలకు ముందే నిల్వ ఖాళీ చేసుకునేలా ఆర్డరు ఇవ్వడం మా పద్ధతి.

## చుట్టు లేకుండా

దిమ్మను బల్ల మీద పెట్టి, అడిగినంత కోసి తూచి ఇచ్చే పద్ధతి కొన్ని సంతల్లో చూడటానికి బాగుంటుంది. ముందుగా ప్యాక్ చేయనిది గనుక ప్యాకేజీ నిబంధనలు దానికి పట్టవు. తయారీ లైసెన్సు మాత్రం కావలసిందే, తూకానికి తూనికల శాఖ ముద్ర ఉండవలసిందే. దుమ్మూ తేమా రెండూ ఉన్న చోట నేను దీన్ని సూచించను.

## ఒకచోట చూస్తే

| చుట్టు | గాలి ఆడటం | వాసన తెలియడం | రాతకు చోటు | ఖర్చు | వానాకాలంలో |
|---|---|---|---|---|---|
| కాగితం పట్టీ | బాగా | బాగా | తక్కువ | చాలా తక్కువ | పగలు బల్ల మీద, రాత్రి మూత డబ్బాలో |
| బటర్ పేపరు చుట్టు | కొంత | సగం | మధ్యస్థం | తక్కువ | నయం |
| లామినేషన్ లేని పెట్టె | కొంత | రంధ్రాలుంటే | ఎక్కువ | ఎక్కువ | అట్ట మెత్తబడుతుంది, నేలకు దూరంగా ఉంచాలి |
| లామినేషన్ పెట్టె | లేదు | లేదు | ఎక్కువ | ఇంకా ఎక్కువ | కోల్డ్ ప్రాసెస్‌కు వద్దు |
| బిగించిన ఫిల్ము | లేదు | లేదు | స్టిక్కరు మేర | తక్కువ | గ్లిజరిన్ బేస్‌కు తప్పనిసరి |
| నూలు సంచి | బాగా | కొంత | వేలాడే చీటీ | ఎక్కువ | తేమ పీలుస్తుంది |
| తాటాకు పెట్టె | బాగా | కొంత | వేలాడే చీటీ | ఎక్కువ | బూజు భయం |

## మీరు ఎవరో బట్టి

నెలకు ఒకటి రెండు బ్యాచ్‌లు చేసి, ఆదివారం స్టాలు పెట్టుకునేవారు పట్టీతో మొదలుపెట్టి, పట్టీతోనే ఏడాది గడపండి. బిళ్ళ సైజు మారినా కత్తెరతో సర్దుకోవచ్చు, పదార్థాలు మారితే మరునాడే కొత్త కాగితం తీయించుకోవచ్చు. పెట్టె వైపు మనసు లాగుతుంది, నాకు తెలుసు. పక్క స్టాలులో మెరిసే పెట్టెలు చూసి చిన్నబుచ్చుకోకండి. సాయంత్రం వరకు గమనిస్తే ఆ పెట్టెలను విప్పి వాసన చూపించడానికే వారికి ఒక మనిషి కావలసివస్తున్నాడని తెలుస్తుంది.

డ్వాక్రా సంఘంగా పది మంది కలిసి చేసేవారి సంగతి కొంచెం వేరు. ఒక్కొక్కరు కోసిన బిళ్ళ ఒక్కో మందంలో ఉంటుంది, ఒకే కొలత పెట్టెలో అన్నీ కూర్చోవు. అందరికీ ఒకే పట్టీ అచ్చు, ఒకే స్టాంపు పెట్టుకుని, బ్యాచ్ నంబరులోనే ఎవరి చేతి సబ్బో తెలిసేలా ఒక అక్షరం చేర్చుకుంటే ఫిర్యాదు వచ్చినప్పుడు వెతుకులాట ఉండదు. తయారీ ఒక్కచోట, లైసెన్సు ఉన్న చోటే జరగాలన్నది మరువకూడదు.

దుకాణాలకు వేసి, అమ్ముడైన తర్వాత డబ్బు తీసుకునేవారికి పెట్టె తప్పదు. అక్కడ సబ్బు గురించి చెప్పడానికి మీరు ఉండరు, చెప్పవలసినదంతా పెట్టే చెప్పాలి. అర మీద మూడు నెలలు కూర్చున్నా దుమ్ము పట్టకూడదు, రంగు వెలియకూడదు. ఖర్చు పెరుగుతుంది, దుకాణం వాటా కూడా పోతుంది కనుక స్టాలు ధరకే దుకాణానికి ఇస్తే మిగిలేది ఏమీ ఉండదు. పెట్టె వేసే ముందు ఆ లెక్క వేసుకోండి.

సీమంతం, గృహప్రవేశం, పెళ్లి ఆర్డర్లు తీసుకునేవారికి గుడ్డ సంచి, తాటాకు పెట్టె బాగా నప్పుతాయి. ఇక్కడ ఒక చిక్కుంది, అనుభవమైతే గాని తట్టదు. సబ్బును తాంబూలం సంచిలో వేస్తారు. ఆ సంచిలో అరటిపండు, వక్కలు, తమలపాకులు, రవికె గుడ్డ ఉంటాయి. ఇంటికి చేరేసరికి వక్కపొడికి లావెండర్ వాసన, అరటిపండుకు గంధం వాసన పట్టి ఉంటాయి. రెండు పొరల బటర్ పేపరు, ఆపైన గుడ్డ సంచి, వీలైతే తక్కువ వాసన ఉన్న సబ్బు: ఇంతకు మించిన ఉపాయం నాకు దొరకలేదు.

కొరియర్‌లో పంపేవారు లోపల మామూలు చుట్టే ఉంచి, బయట నీరు దిగని కవరు వేసుకుంటే చాలు.

## కొనేముందు ఇంట్లో పరీక్ష

ఏ చుట్టు అయినా వేలల్లో కొనేముందు ఒక నెల పరీక్ష పెట్టుకోండి. ఒకే బ్యాచ్‌లోని తొమ్మిది బిళ్ళలు తీసుకుని, మూడు చుట్లకు మూడేసి చొప్పున వేసి, ప్రతి రకంలో ఒకటి వంటగదిలో, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మూసిన బీరువాలో ఉంచండి. వారానికోసారి వంటింటి తూకంలో తూచి రాసుకోండి. మరక, చెమట, వాసన మూడూ గమనించండి. వీలైతే ఈ పరీక్ష వేసవిలో ఒకసారి, వానల్లో మరోసారి చేయాలి, ఎందుకంటే రెండింటి ఫలితాలూ కలవవు. మే నెలలో మా ఇంటి కిటికీ దగ్గర పెట్టిన పట్టీ సబ్బు నాలుగు వారాల్లో మూడు గ్రాములు తగ్గింది. నవంబరులో అదే కిటికీ దగ్గర, అదే అచ్చులో తీసిన సబ్బు తగ్గకపోగా గ్రామున్నర పెరిగింది, పట్టీ కాగితం బిళ్ళకు అతుక్కుపోయింది. ఆ వారం నుంచి సంక్రాంతి దాకా పట్టీ సబ్బులను స్టాలు మూయగానే మూత ఉన్న స్టీలు డబ్బాలో, అడుగున గుడ్డలో కట్టిన బియ్యం వేసి ఉంచుతున్నాము. ఆ బియ్యాన్ని వారానికోసారి ఎండబెట్టి మళ్లీ వాడతాము, వండుకోవడానికి మాత్రం పనికిరాదు, గంధం వాసన వస్తుంది.